ముందు తినిపించండి

హిదార్ నెల పన్నెండో తేదీన సురాఫెల్ ఇంట్లోంచి వెళ్ళాడు.

అడిస్ అబాబాలో ఆ రోజు ప్రతి ఇంటివాళ్ళూ వాకిలి ఊడ్చి, పోగైన చెత్తంతా వీధిలో పోసి తగలబెడతారు. రోగాలు పోతాయని పెద్దవాళ్ళ నమ్మకం. సాయంత్రానికల్లా ఊరి మీద పొగ దుప్పటిలా పరుచుకుంటుంది. సురాఫెల్ గడప మీద కూర్చుని బూట్ల తాళ్ళు కట్టుకుంటూ, "ఇతియే, రాత్రికి నాకు వండకు. ముక్కూ మొహం తెలియనివాళ్ళతో భోజనానికి పోతున్నా" అన్నాడు.

"పో పో. నా వంట తిని తిని నోరు చచ్చిపోయి ఉంటుంది" అంది అక్క వుద్నెష్.

అతను నవ్వి లేచాడు. నాలుగు అడుగులు వేసేదాకా వీపు కనిపించింది. ఆ తర్వాత పొగే కనిపించింది.

ఐదు నెలలు గడిచాయి. ఆ రాత్రి అతను చేరాల్సిన హోటలువాళ్ళు నలుగురే వచ్చారని, ఐదో కుర్చీ ఖాళీగానే ఉండిపోయిందని చెప్పారు. పోలీసులు కాగితం రాసుకున్నారు. అపరిచితులను ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టే ఆ సైటుకు వుద్నెష్ ఇరవై సార్లు రాసింది. ఆ నలుగురి పేర్లయినా చెప్పమంది. జవాబు రాలేదు. పోయిన వారం ఆమె తపాలా కచేరీలో పెట్టెల తాళాలు సర్దుతుండగా, అడగని పిలుపు ఒకటి ఫోనులోకి వచ్చింది. *శనివారం. పొద్దు పొడవడానికి అరగంట ముందు. షిరో మెదా ఎగువన. ఐదుగురికి ఒకే పళ్ళెం. మీది నాలుగో కుర్చీ.*

పక్క కౌంటర్ ఫాంతు అది చదివి పెదవి విరిచింది. "రాత్రి భోజనమంటే సరదా అనుకోవచ్చు. తెల్లారకుండా కొత్తవాళ్ళతో ఎవరు తింటారే? నువ్వు వెళ్ళకు."

వుద్నెష్ వెళ్ళింది.

*

షిరో మెదాలో నేత బట్టల దుకాణాలు ఇంకా తెరవలేదు. కొండ మీది నీలగిరి చెట్ల నుంచి మంచు దిగి రోడ్డుకు అడ్డంగా నిలబడింది. గాడిదలు కట్టెల మోపులతో ఎదురొచ్చాయి. వాటిని తోలేవాళ్ళు మాత్రం మంచులోంచి కొంచెం ఆలస్యంగా బయటపడుతున్నారు. మలుపు దగ్గర రేకుల కప్పు హోటలు ఒకటే దీపం పెట్టుకుని ఉంది. నేల మీద పచ్చగడ్డి పరిచారు. లోపల ఒకే ఒక బల్ల చుట్టూ ముగ్గురు కూర్చుని ఉన్నారు.

ఆమెను చూడగానే ముగ్గురూ లేచి నిలబడ్డారు.

"నాలుగో కుర్చీ మీరే కదా? రండి ఇతియే" అన్నాడు కుర్రవాడు. "నేను కాలేబ్. కంప్యూటర్లు బాగుచేస్తాను. ఈయన గాషే దెస్తా. ముప్పై ఏళ్ళు సిటీ బస్సు నడిపారు. ఇప్పుడు బస్సు లేదు కాబట్టి కూర్చున్నవాళ్ళని నడుపుతున్నారు."

"వీడి మాట పట్టించుకోకమ్మా" అన్నాడు పెద్దాయన. "వీడికి హారన్ ఒక్కటే ఉంది, బ్రేకులు లేవు."

మూడో మనిషి ముప్పై అయిదేళ్ళావిడ. పేరు మెహ్రెత్. నర్సు. వుద్నెష్‌ను మూడుసార్లు బుగ్గలకు బుగ్గలు ఆనించి పలకరించి, చెయ్యి పట్టుకుని తన పక్కనే కూర్చోబెట్టుకుంది. "అయ్యో, వేళ్ళు మంచుగడ్డలు! నడిచి వచ్చావా?" అంది. అన్నాక కూడా చెయ్యి వదల్లేదు. ఆమె వేళ్ళు వుద్నెష్ మణికట్టు లోపలివైపు, నాడి కొట్టుకునే చోట ఆగిపోయాయి.

ఐదో కుర్చీ ఖాళీగా ఉంది.

"ఇంకొకరు రావాలా?" అని అడిగింది వుద్నెష్.

"వస్తారు" అన్నాడు గాషే దెస్తా.

"రాకపోవచ్చు" అంది మెహ్రెత్ అదే క్షణంలో.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని తలలు వంచుకున్నారు. కాలేబ్ నవ్వబోయి మానేశాడు.

హోటలావిడ ఎమమ జెనెబెచ్ ఇత్తడి కూజాతో వచ్చి అందరి చేతుల మీదా నీళ్ళు పోసింది. నోరు తక్కువ మనిషి. అవునని చెప్పాల్సి వస్తే ఊపిరి చటుక్కున లోపలికి పీల్చేది, అంతే. వెడల్పాటి పళ్ళెంలో పెద్ద అట్టులాంటి ఇంజెరా పరిచి, దాని మీద కారం, వెన్న పట్టించిన ఇంజెరా ముక్కల ఫిర్‌ఫిర్ కుప్పగా పోసి తెచ్చి మధ్యలో పెట్టింది. ఒక గ్లాసు నీళ్ళు తెచ్చి వుద్నెష్ ముందు పెట్టింది. మిగతా ముగ్గురికీ పెట్టలేదు. వెళ్తూ వెళ్తూ, కాఫీ కుండ కింద మండుతున్న కుంపటిని చీర కొంగులాంటి తన నెతెలా అంచుతో పట్టుకుని, వుద్నెష్ కుర్చీ పక్క నుంచి గోడవారకు జరిపింది.

"చలిగా ఉంది కదా ఎమమా, ఇక్కడే ఉండనీయండి" అంది వుద్నెష్.

"అక్కడే మంచిది" అంది ఎమమ జెనెబెచ్. అప్పుడూ ఆమె కళ్ళలోకి చూడలేదు.

గాషే దెస్తా మొదటి ముద్ద చుట్టాడు. తన నోట్లో పెట్టుకోలేదు. బల్ల మీదుగా వంగి, "నోరు తెరు తల్లీ" అన్నాడు.

ఆ ఊళ్ళో పక్కవాళ్ళకు చేత్తో తినిపించడం కొత్త కాదు. గుర్షా పెట్టకుండా లేస్తే భోజనం ముగిసినట్టే కాదు. కానీ అది మధ్యలో, నవ్వులు ముదిరాక, కాస్త చనువు కుదిరాక వచ్చే ముచ్చట. ఇంకా పేర్లు కూడా నాలుక మీద కుదరని మనిషికి మొదటి ముద్దే పెట్టరు. వుద్నెష్ నోరు తెరిచింది. పెద్దాయన ముద్ద పెట్టేశాడు.

వెంటనే మెహ్రెత్ ముద్ద. ఆ వెంటనే కాలేబ్ ముద్ద.

"మీరు తినరేం?"

"తింటాం, తింటాం. నువ్వు తిను ముందు" అంది మెహ్రెత్.

"ఈ కాలేబ్ చేతి ముద్ద చూడండి, ఇటుకలా ఉంది" అన్నాడు గాషే దెస్తా. "అమ్మాయికి ఊపిరాడొద్దూ?"

"మీ ముద్దలు పిచ్చుకలకి పెట్టేటట్టున్నాయి గాషే. పెన్షన్ ముద్దలు."

నవ్వారు. నవ్వు తొందరగా ఆగిపోయింది. ఆగిన చోట కుంపటిలో బొగ్గు చిటపటలాడింది.

వుద్నెష్ నములుతూ ఆలోచించింది. ఎక్కడ పని చేస్తావు, ఎందుకొచ్చావు, ఇంతకుముందు ఎన్నిసార్లు ఇలాంటి బల్లల దగ్గర కూర్చున్నావు? కొత్తవాళ్ళు కలిసినప్పుడు మొదట వచ్చే మాటలివి. ఇక్కడ ఒక్కటీ రాలేదు. ఒంట్లో ఎలా ఉంది, రాత్రి నిద్ర పట్టిందా, రాత్రి ఏమైనా తిన్నావా అని మాత్రం ముగ్గురూ మార్చి మార్చి అడుగుతున్నారు.

అప్పుడు మెహ్రెత్ నెతెలా మీద ఆమె చూపు పడింది. తెల్లటి పల్చని బట్ట. దాని రంగు అంచు కిందకు వేలాడాల్సింది, మెడ చుట్టూ గొంతు దగ్గరికి చుట్టి ఉంది. అలా కప్పుకునేది చావు పలకరింపుకే.

నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది.

*

పదకొండేళ్ళ కిందట నాన్న దూరాన దెస్సీ ఊళ్ళో పోయాడు. పోయిన గంటలోనే ఇక్కడ అడిస్ అబాబాలో వాళ్ళ వీధంతటికీ తెలిసింది. వుద్నెష్‌కు తెలియలేదు. ఆ రెండు రోజులూ ఆమె మామూలుగా పనికి వెళ్ళింది. కూరగాయలమ్మే ఆవిడ నవ్వుతూ కొసరు వేసింది. పొరుగింటావిడ జడ అల్లింది. మూడో రోజు పొద్దు పొడుస్తుండగా పదకొండు మంది తలుపు తట్టారు. పెద్దాయన ఎదురుగా కూర్చున్నాడు. ఒకావిడ పక్కన చేరి చెయ్యి పట్టుకుంది. వయసులో ఉన్న ఇద్దరు తలుపుకీ ఆమెకీ మధ్య నిలబడ్డారు. ఎవరో కుంపటి తీసేశారు, కూలిపోతే కాలుతుందని. నీళ్ళు తాగించారు. రొట్టె తినిపించారు. ఖాళీ కడుపు మీద ఆ మాట పడకూడదు. ఒంటరిగా ఉన్నప్పుడు పడకూడదు. చీకట్లో పడకూడదు. తిన్నాక పెద్దాయన గొంతు సవరించుకున్నాడు.

వాళ్ళు మంచివాళ్ళే. అయినా ఆ రెండు రోజులు తనతో నవ్విన మొహాలను ఆమె ఇప్పటికీ పూర్తిగా క్షమించలేదు.

ఇప్పుడు ఎదురుగా పెద్దాయన. పక్కన చెయ్యి పట్టుకున్న ఆడమనిషి. తలుపుకి అడ్డంగా కుర్రవాడి కుర్చీ. నీళ్ళ గ్లాసు. దూరం జరిగిన నిప్పు. బయట తెల్లవారుతోంది.

ఆమె ముద్ద మింగింది. నీళ్ళు తాగింది. గ్లాసు చప్పుడు కాకుండా కింద పెట్టింది.

"మీలో ఎవరు చెబుతారు?" అంది.

గాషే దెస్తా పళ్ళెం ఆమె వైపు ఇంకాస్త జరిపాడు.

"ఇంకొక్క ముద్ద తినమ్మా" అన్నాడు గాషే దెస్తా.

"తిన్నాను గాషే. నాకు అర్థమైంది. ఈ ఐదు నెలల్లో మా వీధి ఇద్దిర్ సంఘం పెద్దలు చావు గుడారం వేద్దామా అని రెండుసార్లు అడిగారు. వార్త తెచ్చినవాళ్ళు లేకుండా నేను ఏడవనన్నాను. ఇప్పుడు మీరొచ్చారు. చెప్పండి. సురాఫెల్ ఎక్కడ దొరికాడు?"

పెద్దాయన మెహ్రెత్ వైపు చూశాడు.

"సురాఫెల్ ఎవరు?" అన్నాడు.

అతను నటించడం లేదు. అది వుద్నెష్‌కు అర్థమైంది.

"నన్ను చూస్తారేం గాషే? మీరు చెబుతారనేగా నేను కూర్చున్నది" అంది మెహ్రెత్. "మీరు ఈమె బంధువులనుకున్నాను. పెద్దాయన, నల్ల కోటు..."

"నా కోటు ఎప్పుడూ నల్లదే! నువ్వు నర్సువంటే, ఆస్పత్రి నుంచి వార్త తెచ్చింది నువ్వేననుకున్నా."

"మా వార్డులో పుట్టేవాళ్ళే గాని పోయేవాళ్ళు తక్కువ గాషే. నేను కాన్పుల నర్సుని."

ఇద్దరూ కాలేబ్ వైపు తిరిగారు.

"నాకేం తెలుసు?" అన్నాడు కాలేబ్. గొంతులో అంతకుముందున్న చిలిపితనం లేదు. "మీ ఇద్దరికీ తెలుసనుకున్నా. పడిపోతే పట్టుకోవడమే నా పని అనుకున్నా."

అతను ఫోను తీసి బల్ల మీద పెట్టాడు. మెహ్రెత్ తనది తీసింది. పెద్దాయన కళ్ళద్దాలు వెతుక్కుని, పాత ఫోను చేతికి దూరంగా పట్టుకుని చూపించాడు. మూడింటిలోనూ ఒకే మాట ఉంది.

*నాలుగో కుర్చీలో కూర్చునే ఆమెకు ఒక వార్త ఇంకా తెలియదు. ఒంటరి మనిషి. ముందు తినిపించండి.*

"ఇది చూసి ఎవరిదని మీలో ఒక్కరూ అడగలేదా?" అంది వుద్నెష్.

"ఎలా అడుగుతామమ్మా?" అన్నాడు గాషే దెస్తా. దాదాపు నొచ్చుకున్నట్టుగా అన్నాడు. "మనవాళ్ళలో ఎవరైనా అడుగుతారా? ఫలానా ఇంటికి రమ్మంటే వెళ్ళి కూర్చుంటాం. తెలిసినవాళ్ళు చెబుతారు, తెలియనివాళ్ళు పట్టుకుంటారు. ఇన్నేళ్ళలో నేను వెళ్ళిన ఇళ్ళలో సగం ఇళ్ళకి, పోయిందెవరో లోపలికెళ్ళాకే తెలిసింది."

అది నిజమే. వుద్నెష్ కూడా అలాగే ఎన్నో గడపల్లో కూర్చుంది.

మెహ్రెత్ గొంతు దగ్గరి అంచును తడబడుతూ వదులు చేసుకుంది. "నన్ను క్షమించు. పరాయి ఊరి నుంచి వచ్చి ఇక్కడ ఒక్కదాన్నే ఉంటున్నాను. ఎవరో ఒకరు నన్ను ఇలాంటి పనికి పిలిచారంటే... నన్నూ మనిషిగా లెక్కేశారని వచ్చాను."

వంటింటి గుమ్మంలో ఎమమ జెనెబెచ్ నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు.

"ఎమమా, మీక్కూడా వచ్చిందా?" అని అడిగాడు కాలేబ్.

ఆమె ఊపిరి లోపలికి పీల్చింది. "నాకు చదవడం రాదు. ఫోను చేశారు. నీళ్ళు పెట్టమన్నారు, కుంపటి తీసేయమన్నారు."

"ఎవరు?"

"ఏమో. ఆడో మగో కూడా పోల్చుకోలేకపోయాను. వెనక పుల్లలు కాలుతున్న చప్పుడు. మాట్లాడుతూ మాట్లాడుతూ దగ్గుతున్నారు."

బయట గాడిదల గిట్టల చప్పుడు దగ్గరికొచ్చి, దూరమై, మంచులో కలిసిపోయింది.

కాలేబ్ తన ఫోనును మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. పని దొరికితే అతనికి కాస్త ధైర్యం వచ్చినట్టుంది. "ఆగండి. ఇది సైటువాళ్ళు పంపింది కాదు. బల్ల దగ్గర కూర్చునేవాళ్ళు ఒకరికొకరు రాసుకోవచ్చు, ఆ దారిన వచ్చింది. భోజనం అయ్యేదాకా పేర్లు కనిపించవు, కుర్చీ అంకెలే. ఇది ఐదో కుర్చీ నుంచి వచ్చింది." అతను ఇంకేదో నొక్కాడు. "పేరు లేదు గాని, ఫొటో పెట్టుకున్నారు."

ఫోను వుద్నెష్ వైపు తిప్పాడు.

ఎర్రమట్టి నేల. భూమి కొలిచే ఎరుపు తెలుపు పట్టీల సర్వే కర్ర. దాని పక్కన ఎండకు ఒక కన్ను మూసి నవ్వుతున్న మనిషి. ఫొటో అడుగున ఒక మూల తీసినవాళ్ళ నీడ పడింది. ఆ నీడ వుద్నెష్‌ది.

"మా తమ్ముడు" అంది.

మెహ్రెత్ ఒక్కసారిగా ఆమె భుజాలు పట్టుకుంది. "అయితే బతికే ఉన్నాడు! తనే రాశాడు కదా. పోయింది ఇంకెవరో! వేరే ఎవరిదో వార్త నీకు చెప్పమంటున్నాడు."

"ఎవరిది?" అంది వుద్నెష్. "అమ్మ నా పదహారో ఏట పోయింది. నాన్న పోయి పదకొండేళ్ళు. నాకు పెళ్ళి కాలేదు. పిల్లలు లేరు. నాకు చెప్పాల్సిన చావు ఈ భూమ్మీద ఒక్కటే మిగిలింది మెహ్రెత్."

గాషే దెస్తా శిలువ గుర్తు వేసుకున్నాడు. "తన వార్త తానే ఎవరైనా..." అని మొదలుపెట్టి, ఆ వాక్యాన్ని అక్కడే వదిలేశాడు.

అప్పుడే కాలేబ్ చేతిలో ఫోను వెలిగింది. అతను చూసి, ఫోనును పామును వదిలినట్టు బల్ల మీద వదిలాడు. అది పళ్ళెం అంచుకు తగిలి ఆగింది. నలుగురికీ కనిపించింది.

*ఆమె తిన్నదా?*

"జవాబివ్వకు" అన్నాడు పెద్దాయన.

"లేదని రాయి" అంది మెహ్రెత్ గబగబా. "తినలేదని రాయి. ముట్టలేదని రాయి. తిననంతసేపు చెప్పకూడదు, అది పద్ధతి. ఎవరైనా సరే, పద్ధతి తెలిసినవాళ్ళే కదా ఇదంతా చేశారు? తినలేదంటే ఆగుతారు."

"ఎన్నాళ్ళు ఆపుతావు?"

"ఆగినన్నాళ్ళు గాషే! మీకేం పోయింది?"

"పోలీసులకు చూపిద్దాం" అన్నాడు కాలేబ్. "వాళ్ళయితే..."

"కాగితం రాసుకుంటారు" అంది వుద్నెష్.

ఆమె ఆ రెండు మాటల ప్రశ్నను చూస్తూ కూర్చుంది. సురాఫెల్ తనను ఎప్పుడూ 'ఆమె' అనలేదు. ఇతియే అనేవాడు, కోపం వస్తే వుద్నెష్ అనేవాడు. ఇది రాసింది అతనా, అతని ఫోను పట్టుకున్నవాళ్ళా, లేక ఇంకేదైనానా? తినలేదని రాస్తే ఈ ప్రశ్న ఇలాగే ఉంటుంది. రేపూ ఉంటుంది. తలుపు చప్పుడైనప్పుడల్లా ఆమె పరిగెడుతుంది, ఈ ఐదు నెలలూ పరిగెత్తినట్టే. నల్ల బట్ట కట్టుకోలేక, రంగు బట్ట కట్టుకోలేక బూడిద రంగు స్వెటర్ ఒక్కటే వేసుకుని తపాలా పెట్టెలు తెరుస్తుంది, మూస్తుంది. ఎవరైనా తమ్ముడెలా ఉన్నాడని అడిగితే ఏ కాలంలో జవాబు చెప్పాలో తెలియక మాట మారుస్తుంది. పద్ధతి ఆమెను కాపాడుతూనే ఉంటుంది. అలా కాపాడుతూనే చంపుతుంది.

తన చెయ్యి మెహ్రెత్ చేతిలోంచి మెల్లగా విడిపించుకుంది. పళ్ళెంలో తన వైపున్న ఇంజెరా తుంచి, ఫిర్‌ఫిర్ చుట్టి, తన చేత్తో తనే నోట్లో పెట్టుకుంది. నమిలింది. మరొకటి. ఎవరూ ఆపలేదు. చల్లారిన వెన్న నాలుకకు అంటుకుంటోంది. తన వైపు పళ్ళెం రేకు కనిపించేదాకా తిని, వేళ్ళు తుడుచుకుంది.

"తిన్నదని రాయి కాలేబ్."

"ఇతియే, ఒక్క రోజు ఆగుదాం..."

"మీరందరూ ఉన్నారు. తెల్లారింది. కడుపు నిండింది. ఇంతకంటే మంచి వేళ నాకెక్కడ దొరుకుతుంది?"

కాలేబ్ పెద్దాయన వైపు చూశాడు. గాషే దెస్తా తల ఊపాడు. కుర్చీ బల్ల దగ్గరికి లాక్కుని, ఈసారి నిజంగానే వుద్నెష్‌కు ఎదురుగా, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. మెహ్రెత్ కళ్ళు తుడుచుకుని, వదులు చేసిన అంచును తిరిగి గొంతు చుట్టూ బిగించి, మణికట్టు మళ్ళీ పట్టుకుంది. ఎమమ జెనెబెచ్ గుమ్మం వదిలి వచ్చి వుద్నెష్ కుర్చీ వెనక నిలబడింది. ఆమె అరచేతుల వెచ్చదనం భుజాల మీద తెలిసింది.

కాలేబ్ ఒకే మాట రాశాడు. రాసి, బొటనవేలు గాలిలో ఎత్తి పట్టుకున్నాడు.

జవాబు ఇంకా పంపలేదు.